గేటుకి కట్టిన తాడు

మా సందులో ఎవరైనా పట్టిన పట్టు విడవకపోతే "ఏం, గంజి ఎక్కువైందా?" అని అడుగుతారు. ఆ మాటకి మూలం సందు చివర లాండ్రీ నడిపే గంజి పెద్దమ్మ. ఆమె గంజి పెట్టిన చొక్కా ఎంత బిర్రుగా ఉంటుందంటే, మనిషి ఇంట్లో పడుకున్నా చొక్కా ఒక్కటే ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టి రాగలదు. ఆ గంజిలో కొంత ఆమె వెన్నులోకి కూడా ఎక్కిందని సందంతటికీ నమ్మకం. ఆమె పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. నాలుగో కాలు చూపిస్తే, "అది కాలు కాదు, తోక" అంటుంది.

చొక్కాలు ఇవ్వడానికి వెళ్ళి, ఇస్త్రీ అయ్యేదాకా బల్ల పక్కన స్టూలు మీద కూర్చోవడం నాకు అలవాటు. పని చేస్తున్నంతసేపూ ఆమె చెయ్యీ ఆగదు, నోరూ ఆగదు. ఇక్కడ రాసినదాంట్లో సగం ఆ స్టూలు మీద విన్నది. మిగతా సగం సందులో అందరితో పాటు చూసింది.

ముందు ఆ ఇల్లు ఎక్కడుందో చెప్పాలి. గొడవంతా అందులోనే ఉంది. మా సందుకి ఒక వైపే దారి. రెండో కొసన బడి గోడ అడ్డం వస్తుంది. ఆ గోడలో ఒక ఇనప గేటు. గేటుని ఆనుకుని ఆఖరి ఇల్లు పెద్దమ్మది. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక గదిలో బాయిలరు, తొట్లు, మేడ మీద కాపురం. ఆమె గుమ్మంలో నిలబడి తుమ్మితే గోడ అవతల ఒకటో తరగతి పిల్లలు ఉలిక్కిపడతారు. కిటికీ కొక్కేనికి ఒక కొస, గేటు చువ్వలకి ఇంకో కొస కట్టిన తాళ్ళ మీద హోటల్ దుప్పట్లు, ఆస్పత్రి తెరలు ఆరుతూ ఉంటాయి. గాలి వేస్తే సందు చివర తెల్లగా ఉబ్బి, అక్కడేదో ఓడ ఆగినట్టుంటుంది.

ఆమె పనికి గడియారం కూడా ఆ బడే. మొదటి బెల్లుకి నానబెట్టడం, ఇంటర్వెల్ బెల్లుకి జాడించడం, ఇంటి బెల్లుకి దులిపి మడత పెట్టడం. సెలవులొస్తే పిల్లలకి సంబరం, ఆమెకి తికమక. "ఇవాళ బెల్లు లేదు, నీలిమందు ఎక్కువసేపు ఉండిపోయింది, చొక్కా కాస్త ఆకాశంలా ఉంటుంది, ఏమీ అనుకోకు" అని నాకు ఒకసారి ఇచ్చింది. నిజంగానే ఆకాశంలా ఉంది.

కూతురికి ఆస్పత్రిలో షిఫ్టుల ఉద్యోగం. అల్లుడు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. మనవరాలు అమ్మమ్మ దగ్గరే, బోర్లించిన తొట్టి మీద కూర్చుని పెరిగింది. గోడ అవతల టీచరు హాజరు పిలుస్తుంటే గోడ ఇవతల ఈ పిల్ల ప్రతి పేరుకీ "ప్రెజెంట్ మిస్" అనేది. అవతల రాని పిల్లలకి కూడా ఈ పిల్లే పలికేది. ఎక్కాలు, పాటలు అన్నీ గోడ మీదుగానే నేర్చుకుంది. బళ్ళో వేసే వయసు రాగానే పెద్దమ్మ దరఖాస్తు పెట్టించింది. "హాజరు ఎప్పటి నుంచో వేయించుకుంటోంది. ఇక పేరు రాసుకోవడమే తరువాయి" అంది.

ఆ బడి పద్ధతి ఇలా ఉంటుంది. ఉన్న సీట్లలో ముందు పాత విద్యార్థుల పిల్లలకి ఇస్తారు, వాళ్ళ ఇల్లు ఎంత దూరమైనా సరే. మిగిలినవి, ఎవరి ఇల్లు దగ్గరైతే వాళ్ళకి. దగ్గరంటే, పిల్ల ఇంటి గుమ్మం నుంచి బడి గేటు దాకా నడిచే దారి. దాన్ని కొలవడానికి బడి గుమాస్తా ఒక కర్రకి చక్రం బిగించిన కొలత బండి తోసుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతాడు.

ఆయన పెద్దమ్మ గుమ్మంలో చక్రం ఆనించి, గేటు వైపు కాకుండా సందు మొగ వైపు నడవడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ చేతిలో తడి తువ్వాలుతో వెనకాలే బయల్దేరింది.

"ఎక్కడికి నాయనా? బడి ఇటు."

"బడి ఇటే పెద్దమ్మా. దారి అటు."

చక్రం సందు దాటింది, కలప డిపో దాటింది, మెయిన్ రోడ్డెక్కి సిగ్నల్ దగ్గర ఆగింది, కొత్త ఫ్లాట్ల ముందు నుంచి వెళ్ళి, చివరికి బడి ముందు గేటు దగ్గర నిలబడింది. దారి పొడుగునా పెద్దమ్మ ఊరుకోలేదు.

"ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది నీ కొలత."

"పిట్టకైతే గోడ మీదుగా కొలుద్దును. పిల్ల కాబట్టి రోడ్డు మీదుగా కొలవాలి."

"గోడెందుకు? గేటుంది కదా మా ఇంటి పక్కన!"

గుమాస్తా చక్రం మీది అంకె రాసుకుని, కళ్ళజోడు పైకి తోసి, చాలా మర్యాదగా అన్నాడు. "గేటుంది పెద్దమ్మా. గేటుకి తాళం ఉంది. తాళం మీద మీ దుప్పటి ఉంది."

పెద్దమ్మ తడి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. ఎందుకంటే ఆ తాళం వేయించింది ఆమే.

అప్పటికి ఆమె కూతురికి సరిగ్గా ఈ పిల్ల వయసే. లాండ్రీ కొత్తగా పెట్టిన రోజులు. గేటు తెరిచే ఉండేది. ఇంటి బెల్లు కొట్టగానే పిల్లలు గేట్లోంచి వరదలా వచ్చి, ఆరుతున్న దుప్పట్ల మధ్య దాగుడుమూతలు ఆడేవాళ్ళు. మట్టిలో ఆడిన చేతులు. సందు చివర కట్టిన దుప్పటి దుప్పటికీ అరచేతుల అచ్చులు. పెద్దమ్మ మళ్ళీ ఉతికేది, మళ్ళీ అచ్చులు. గేటు దగ్గర పిల్లల్ని పంపే కొత్త టీచరమ్మ నవ్వి, "పిల్లలు కదండీ" అనేది. "పిల్లలే. చేతులు మాత్రం మా పాలిట పెద్దవి" అనేది పెద్దమ్మ. చివరికి ఒక పెద్ద హోటల్ వాళ్ళు బట్టలివ్వడం మానేశారు. మర్నాడు బడి తనిఖీ. పెద్దమ్మ ఆ చేతుల దుప్పటిని పట్టుకెళ్ళి బడి ముందు గేటుకి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆరేసింది. తనిఖీకి వచ్చిన పెద్దలు దాని కిందుగా తల వంచుకుని లోపలికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ వారంలోనే వెనక గేటుకి తాళం పడింది. పెద్దమ్మ ఆ సాయంత్రమే గేటు చువ్వలకి తాడు కట్టింది.

అక్కడితో ఆగితే బాగుండేది. "ఆ బడి గడప నా పిల్ల తొక్కదు" అని ఒట్టు పెట్టుకుని, కూతుర్ని ఊరికి ఆ చివరనున్న బడికి, రెండు బస్సులు మారి వెళ్ళేలా వేసింది. గోడ అవతల బడి. పిల్ల మాత్రం బస్టాపులో.

కాబట్టి ఇప్పుడు లెక్క ఇలా తేలింది. గేటు మూసి ఉంది కాబట్టి ఇల్లు దూరం. కూతురు ఆ బళ్ళో చదవలేదు కాబట్టి పాత విద్యార్థుల వరసా లేదు. పెద్దమ్మ ఒక్క పంతంతో రెండు దారులూ తనే మూసేసింది.

ఆ సాయంత్రం నేను స్టూలు మీదే ఉన్నాను. కూతురు డ్యూటీ నుంచి వచ్చి, విషయం విని, చెప్పులు కూడా విప్పకుండా నిలబడింది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం విన్నాను. చంకలో బడిని పెట్టుకుని వెతకడం మన ఇంట్లోనే."

"అప్పుడు ఆ దుప్పట్లు నువ్వు చూళ్ళేదే."

"నేను బస్సు చూశానమ్మా. కిటికీ పక్కన సీటు దొరికితే నిద్రపోయేదాన్ని, దొరక్కపోతే నిలబడి నిద్రపోయేదాన్ని. ఎన్నిసార్లు స్టాపు దాటిపోయి ఏడ్చానో నీకు చెప్పలేదు. నీ పంతం నువ్వు పట్టావు, మోసింది నేను. ఇప్పుడు నా కూతురు కూడా మోయాలా?"

ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగింది. చొక్కా కాలిన వాసన వచ్చింది. ఆ చొక్కా నాదే.

పెద్దమ్మ పెట్టెని నిలబెట్టి, కాలిన మచ్చని వేలితో తడిమి, "అడుసు తొక్కాను. కాలు కడుక్కునేదీ నేనే" అంది. అంతే. మర్నాడు మొదటి బెల్లుకి ముందే ఉతికిన బట్టలు కట్టుకుని, ముందు గేటు గుండా, పాతికేళ్ళ తర్వాత ఆ బడి గడప తొక్కింది.

హెడ్‌మిస్ట్రెస్ ఎవరో కాదు. అప్పటి కొత్త టీచరమ్మే. జుట్టు నెరిసింది, గొంతు అదే.

"రండి పెద్దమ్మా. ఇవాళ దుప్పటి తేలేదా?"

"తెస్తే ఆరేయడానికి చోటు చూపిస్తావా?"

"మీరు అప్పుడు నన్నేమన్నారో గుర్తుందా? 'పిల్లల్ని ఆపలేని దానివి టీచరెందుకయ్యావు, మేకల్ని కాసుకో' అన్నారు."

"అన్నాను. తప్పే. మేకలైతే ఇంకా కష్టం, అవి దుప్పట్లు తినేస్తాయి."

హెడ్‌మిస్ట్రెస్ నవ్వకూడదనుకుని నవ్వేసింది. ఆ తర్వాత మాత్రం గట్టిగానే చెప్పింది. "మీ మనవరాలి ఒక్కదాని కోసం నేను పద్ధతి వంచలేను. గేటు తెరిస్తే మాత్రం పద్ధతి ప్రకారమే కొలిపిస్తాను. కానీ బయట మీ తాళ్ళు ఒక్కటి కూడా ఉండకూడదు, పసిపిల్లల మెడలకి తగులుతాయి. నాకున్న వాచ్‌మన్ ఒక్కడే, ముందు గేటు దగ్గర ఉంటాడు. వెనక గేటు దగ్గర పొద్దున, సాయంత్రం బాధ్యతగల మనిషి నిలబడాలి. ఇంకోటి, గేటు లోపల పాత విద్యార్థుల సంఘం వాళ్ళు దారికి అడ్డంగా పెద్ద పూలకుండీలు పెట్టారు. అవి జరపడానికి వాళ్ళు ఒప్పుకోవాలి."

"తాళ్ళు విప్పుతాను. నిలబడేది నేనే."

"మీరా? పిల్లల్ని మీ చేతికి అప్పగించాలా?"

"నాకంటే వాళ్ళ సంగతి బాగా తెలిసిన శత్రువు ఎవరున్నారు?"

లేచి రాబోతుంటే హెడ్‌మిస్ట్రెస్ ఒక మాట అంది. "గేటు తెరుచుకుంటే దగ్గరయ్యేది మీ ఒక్క ఇల్లే కాదు పెద్దమ్మా, సందంతా. మీ సందు నుంచి ఎవరూ దరఖాస్తే పెట్టడం లేదు, ఎన్నాళ్ళ నుంచో."

"ఎందుకు పెడతారు? రాదని తెలుసు కదా" అని, ఆ మాట అన్నాక పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయిందట. తాళం తన దుప్పట్ల కోసం వేయించింది. బయట నిలబడిపోయింది సందు పిల్లలందరూ. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఆ బళ్ళో చదవలేదు కాబట్టి వాళ్ళు పాత విద్యార్థులు కారు. వాళ్ళ పిల్లలకీ వరస లేదు. ఒకసారి తప్పిపోతే తరం తర్వాత తరం తప్పిపోతూనే ఉండే పద్ధతి అది.

ఆ రోజే పక్కింటి కవలల అమ్మ దగ్గరికి, ఎదురింటి మెకానిక్ దగ్గరికి వెళ్ళి దరఖాస్తులు పెట్టమని చెప్పింది. కూతురు నెత్తి కొట్టుకుంది. "ముందు మనది అవనివ్వమ్మా! ఉన్న సీట్లు కొన్నే. అందర్నీ పిలిచి పోటీ పెంచుతావేంటి?"

"మూయించినప్పుడు నా ఒక్కదాని కోసం మూయించాను. తెరిపించేటప్పుడు కూడా ఒక్కదాని కోసమేనా?"

"దాని సీటు పోతే?"

"పోతే నేను దాన్ని ఎత్తుకుని రోజూ ఆ చక్రం దారంతా నడుస్తా. నీకు చెయ్యనిది దానికి చేస్తా."

దరఖాస్తులు నింపడానికి ఆ ఇళ్ళకి కూతురే వెళ్ళింది.

ఇక మిగిలింది పాత విద్యార్థుల సంఘం. దానికి అధ్యక్షుడు కళ్ళజోళ్ళ షాపాయన. చిన్నప్పుడు మా సందులోనే ఉండేవాడు. ఇప్పుడు ఊరికి ఆ చివర పెద్ద ఇల్లు, కారు. ఆయన తెల్లకోట్లు ఉతికేది మాత్రం పెద్దమ్మే. మిగతా వాళ్ళు ఉతికితే ఆయనకి నచ్చదు. మడతపెట్టిన కోట్లు పట్టుకుని షాపుకి వెళ్ళింది.

"గేటా? తెరిపించుకో పెద్దమ్మా. కుండీలదేముంది, నలుగురం వచ్చి జరిపేస్తాం" అన్నాడు ఆయన, ఎవరి అద్దాలో తుడుస్తూ. "మూయించిన రోజు నేను మూడో తరగతి. ఆ రోజు నుంచి చుట్టూ తిరిగి నడిచాను. నిన్ను ఎన్ని తిట్లు తిట్టానో నీకు తెలీదు."

"తెలుసు. గొంతు పెద్దది నీకు." పెద్దమ్మ కోట్లు బల్ల మీద పెట్టింది. "మీ వాణ్ణి కూడా ఈ ఏడే వేస్తున్నావట?"

"మరి! నేను కూర్చున్న బెంచీ మీదే కూర్చోబెడతా."

"అంత దూరం నుంచి?"

"కారుంది కదా. ఆ బడంటే నాకు ప్రాణం పెద్దమ్మా. హాలు పైకప్పు పోతే మేమే వేయించాం. కాస్త అభిమానం ఉన్నవాళ్ళకి ముందు సీటిస్తే తప్పా?"

"నీకు బడి మీద ప్రేమ ఉంది, కాదనను. మీ వాడికి ఇంకా ఏ బడి మీదా లేదు కదా. వాడికి ప్రస్తుతం నిద్ర మీద ప్రేమ."

ఆయన పగలబడి నవ్వాడు. గేటుకి ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడా అని పెద్దమ్మకి దారంతా అనుమానమేనట. నాతో అంది, "ఇస్త్రీలో ముడత ఊరికే పోదు, ఒక చోట నొక్కితే ఇంకో చోటికి జరుగుతుంది. ఎక్కడికి జరిగిందో తెలీడం లేదు."

తాళ్ళు విప్పిన రోజు సందంతా బయటికొచ్చింది. కత్తెరతో కోసేస్తే క్షణంలో పని. "తాడేం తప్పు చేసింది?" అని ఆమె ఒప్పుకోలేదు. ఎండకీ వానకీ ముళ్ళు రాళ్ళయిపోయి, గేటు తుప్పుతో కలిసిపోయాయి. కాలరు మొనలు తిప్పే సన్నటి పుల్ల పెట్టి ఒక్కొక్క ముడీ తల్లీ కూతుళ్ళు ఇద్దరూ కూర్చుని కదిపారు. వాళ్ళిద్దరూ అంతసేపు పక్కపక్కన కూర్చోవడం నేను చూసింది తక్కువ. పెద్ద మాటలేవీ అనుకోలేదు. "ఇటు లాగు", "తెగుతుందమ్మా", "తెగేదాకా లాగకే, అది ఒకసారి చేసి చూశాం కదా" అంతే. ఆఖరి ముడి ఊడి వచ్చాక కూతురు తల్లి వేళ్ళకి అంటిన తుప్పుని తన చేతిరుమాలుతో తుడిచింది.

మర్నాటి నుంచి బట్టలు ఆరేది మేడ మీద. తడి దుప్పటి బరువు ఎత్తిన వాళ్ళకే తెలుస్తుంది. మెట్లు ఎక్కుతూ పెద్దమ్మ మధ్యలో ఆగి, మోకాళ్ళని తిట్టి, మళ్ళీ ఎక్కేది. ఆస్పత్రి తెరలు ఇక తీసుకోలేనని చెప్పేసింది. బాయిలరు వారంలో ఒక రోజు చల్లగానే ఉంటోంది. దాని గురించి ఎవరైనా జాలిపడితే, "మేడ మీద గాలి బాగుంటుంది, నీ ముఖం కూడా కనపడదు" అనేది.

సంఘం వాళ్ళు కుండీలు జరిపారు. గేటు తాళం చెవి ఎక్కడా దొరకలేదు. తాళాన్ని కోయించాల్సి వచ్చింది. గుమాస్తా మళ్ళీ చక్రం పట్టుకుని వచ్చాడు. పెద్దమ్మ గుమ్మంలో ఆనించి, ఈసారి ఇటు తిరిగాడు. చక్రం ఒక చుట్టు తిరిగీ తిరగకముందే గేటుకి తగిలింది.

"ఇంత చిన్న అంకె నా సర్వీసులో రాయలేదు పెద్దమ్మా."

"బాగా రాయి. చెరిగిపోకుండా."

పేర్లు అతికించిన రోజు ఆమె చూడ్డానికి వెళ్ళలేదు. మేడ మీద ఉంది. మనవరాలు గేట్లోంచి పరిగెత్తుకొచ్చి కింది నుంచే అరిచింది, "అమ్మమ్మా! ప్రెజెంట్ మిస్!" సందు పిల్లలు నలుగురి పేర్లూ వచ్చాయి. కవలలు, మెకానిక్ కొడుకు, ఈ పిల్ల. పెద్దమ్మ తడి దుప్పటి ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దులిపింది. దులపాల్సినంత ముడతలు ఆ దుప్పట్లో లేవు.

ఇక్కడితో అయిపోయిందని నేనూ అనుకున్నాను. రెండు రోజుల తర్వాత స్టూలు మీద ఉండగా ఒక అమ్మాయి వచ్చింది. మెయిన్ రోడ్డు మీద కొత్త ఫ్లాట్లలో ఉంటుంది, బస్టాండులో టికెట్ కౌంటర్ ఉద్యోగం. బట్టలు ఇవ్వడానికేమో అనుకుని పెద్దమ్మ చెయ్యి చాపింది.

"బట్టలు కాదండీ. గేటు తెరిపించింది మీరేనా?"

"నేనే. ఏం తల్లీ?"

"మీరు తెరిపించకముందు వరసలో మా పాప ఉంది. ఆఖరి నాలుగు సీట్లలో ఒకటి. మీ సందు నలుగురూ ముందుకి రాగానే అది జాబితాలోంచి జారిపోయింది. ఇప్పుడు ఎదురుచూసే వాళ్ళలో మొదటిది." భుజాన సంచీ దించకుండానే అంది. "పాపని ఇప్పుడు వేరే బడికి రెండు బస్సులు మార్చి తీసుకెళ్ళాలి. నా డ్యూటీ పొద్దున్నే. మీకు మీ పిల్ల ఒక్కతే కనపడిందా?"

రెండు బస్సులు అనగానే పెద్దమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది. నేను లేచి స్టూలు ఆ అమ్మాయికి ఇచ్చాను.

"కూర్చో. తిట్టాల్సింది ఇంకా ఉంటే తిట్టెయ్, వింటాను. ఆ తర్వాత ఒకటి చెప్తా." ఆ అమ్మాయి కూర్చుంది. పెద్దమ్మ చెప్పింది. "ముడత ఎక్కడికి జరిగిందో ఇప్పుడు తెలిసింది. సీట్లలో ముందు భాగం దూరం నుంచి కార్లలో వచ్చేవాళ్ళకి. మిగిలిన నాలుగింటి కోసం పక్కపక్క ఇళ్ళ వాళ్ళం నువ్వూ నేనూ జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నాం. అందుకే ఆ కళ్ళజోళ్ళ షాపాయన నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఆయనకి పోయేదేముంది?"

"అయితే ఏం చేస్తారు? వాళ్ళకో సంఘం ఉంది. సీట్ల పద్ధతి వాళ్ళు చెప్పినట్టే."

"ఉంటే మంచిదే. వీధిలో ఒక్కొక్కళ్ళని పట్టుకునే పని తప్పింది. నీకు సెలవెప్పుడు?"

అని, బల్ల మీద బట్టలన్నీ తీసి, అడుగున పరిచిన మందపాటి గుడ్డ మడత విప్పింది. ఇన్నాళ్ళూ నా చొక్కాలు ఇస్త్రీ అయింది దాని మీదేనని నాకు తెలీదు. చేతుల దుప్పటి. మచ్చలు గోధుమ రంగుకి తిరిగాయి కానీ వేళ్ళు లెక్కపెట్టేలా ఉన్నాయి.

సంఘం సమావేశం బడి హాల్లో. సభ్యులు కానివాళ్ళకి ప్రవేశం లేదన్నారు. "ఇందులో మీ సభ్యుల చేతులు ఉన్నాయి, వాటికి తోడొచ్చాను" అని పెద్దమ్మ దుప్పటిని బల్ల మీద పరిచింది. టికెట్ కౌంటర్ అమ్మాయి రెండో కొస పట్టుకుంది. పెద్ద పెద్ద వాళ్ళు లేచి వచ్చి, పిల్లల్లా తమ చేతులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. కళ్ళజోళ్ళ షాపాయన ఒక మూల ఆగాడు. ఆ అచ్చులో చిటికెన వేలు వంకర. ఆయన చిటికెన వేలూ అంతే.

"ఇది నాదే" అన్నాడు మెల్లిగా.

"నీదే. నువ్వు ఈ బళ్ళో ఎందుకు చదివావు నాయనా? మీ నాన్న చదివాడా?"

"లేదు. ఇల్లు దగ్గరని."

"అదీ. నీకు ఆ బెంచీ ఇచ్చింది దగ్గరే. ఇప్పుడు నీకు ఆ దగ్గర లేదు, సీటుంది. దగ్గరున్న ఈ అమ్మాయి పాపకి సీటు లేదు. మీ ప్రేమ మంచిదే, కాదనను. కానీ అది వెనక నిలబడాల్సిన ప్రేమ. వరసలో ముందు నిలబడేది కాదు."

ఒకాయన, హాలు పైకప్పు సంగతి గుర్తుచేశాడు. పెద్దమ్మ తలెత్తి చూసి, "బాగుంది. దాని కింద ఎవరి పిల్లలు కూర్చుంటే వానకి తడుస్తారట?" అంది. ఎవరో నవ్వారు, ఎవరో గొణిగారు.

కళ్ళజోళ్ళ షాపాయన దుప్పటి మీంచి చెయ్యి తీయకుండానే అన్నాడు. "మా వాణ్ణి ఇప్పుడు తీసెయ్యలేను పెద్దమ్మా. సంచీ కొన్నాడు, స్నేహితుణ్ణి కూడా చేసుకున్నాడు."

"పసివాణ్ణి తియ్యమని ఎవరన్నారు? నేను పద్ధతి సంగతి మాట్లాడుతున్నా. ముందు దగ్గర చూడండి. ఇద్దరు సమానంగా ఉంటే అప్పుడు మీ అభిమానం చూడండి."

ఆయన ఆ మాటనే కాగితం మీద రాసి సంఘం ముందు పెట్టాడు. ఇదే సరైనదని కూడా అన్నాడు. గంటసేపు వాదించుకున్నారు. చివరికి, వచ్చే ఏడాదికి చూద్దాం, వచ్చే సమావేశంలో చేతులెత్తించి తేల్చుకుందాం అన్నారు.

"చూడండి" అంది పెద్దమ్మ దుప్పటి మడత పెడుతూ. "సమావేశం ఎప్పుడో చెప్పండి. దీన్ని ఉతక్కుండా ఉంచుతా."

ఇప్పుడు మీరు మా సందుకి వస్తే, ఇంటి బెల్లు వేళకి గేటు దగ్గర గంజి పెద్దమ్మ కనపడుతుంది. పాత తాడు ఆమె చేతిలో ఉంటుంది. దానికి కాస్త కాస్త ఎడంగా ముళ్ళు వేసింది. చిన్న పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో ముడి పట్టుకుని వరసగా బయటికి వస్తారు, చెల్లాచెదరైపోకుండా. ఎవరైనా ముడి వదిలి పరిగెడితే ఆ గొంతు కలప డిపో దాకా వినిపిస్తుంది. సందులోకి కొత్తగా అద్దెకి వచ్చిన ఒకాయన "ఈ గోల ఏమిటండీ" అని విసుక్కుంటే, "పిల్లలు కదండీ" అంటుంది.

మొన్న తాడు చివర ఒక ముడి ఖాళీగా ఉండటం చూసి మనవరాలు అడిగింది.

"ఇది ఎవరిదమ్మమ్మా?"

"ఫ్లాట్ల పాపది."

"అది మన బడి కాదు కదా."

"ఇంకా కాదు" అంది పెద్దమ్మ. ఆ ముడిని వేళ్ళతో లాగి గట్టిగా ఉందో లేదో చూసుకుని, తాడు చుట్ట చుట్టి భుజాన వేసుకుంది. మేడ మీద దుప్పట్లు ఆరిపోయి ఉంటాయని మెట్లెక్కింది.